రిమ్ముపై రంగు నిలిచేదెలా

కారులో రంగు పూసిన భాగాలన్నిటిలోనూ కష్టమైన బతుకు చక్రపు రిమ్ముదే. పైకప్పు ఎండను మాత్రమే ఓర్చుకుంటే చాలు. రిమ్ము ఎండతో పాటు బురదనూ, ఎగిరివచ్చే కంకర దెబ్బలనూ, రోడ్డంచు రాళ్ల ఒరిపిడినీ, వీటన్నిటికీ మించి బ్రేకుల వేడినీ భరించాలి. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న 1000 కిలోల కారును పూర్తిగా ఆపాలంటే 2 లక్షల జౌళ్ల గతిశక్తిని హరించాలి. అరలీటరుకు మించిన నీటిని గది ఉష్ణోగ్రత నుంచి మరిగేదాకా కాచడానికి సరిపోయే వేడి ఇది. తిరుమల, అరకు వంటి ఘాట్ రోడ్లలో 100 మీటర్ల ఎత్తు దిగిన ప్రతిసారీ అదే కారు దాదాపు 10 లక్షల జౌళ్ల స్థితిశక్తిని వదులుకుంటుంది. అందులో గాలీ ఇంజనూ పంచుకోగా మిగిలిన భాగమంతా బ్రేకు డిస్కులకు చేరి, అక్కడి నుంచి కొంత చక్రాలకు పాకుతుంది. ఇన్నిటి నడుమ లోహాన్ని కాపాడే రంగు పొరల మందం, అన్నీ కలిపి చూసినా, మిల్లీమీటరులో పదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. ఇంటి వద్ద స్ప్రే డబ్బాతో రిమ్ములకు రంగు వేయడమంటే ఈ పదో వంతు మిల్లీమీటరును లోహానికి గట్టిగా అంటించడమే. డబ్బా మూత తీయకముందే అందులో చాలా భాగం తేలిపోతుంది కనుక, రంగు కన్నా ముందు లోహం గురించి తెలుసుకోవడం అవసరం.

రిమ్ములు ప్రధానంగా రెండు రకాలు. ఉక్కు రేకును అచ్చులో నొక్కి, మధ్య పళ్లేన్నీ బయటి వలయాన్నీ వెల్డింగుతో కలిపి చేసేది ఉక్కు రిమ్ము. ఉక్కు తుప్పు పట్టినప్పుడు ఏర్పడే ఐరన్ ఆక్సైడ్లు, హైడ్రాక్సైడ్లు మూల లోహం కన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తాయి. అందువల్ల చిన్న గీతలోంచి లోపలికి దిగిన తేమ అక్కడితో ఆగదు, ఉబ్బిన తుప్పు చుట్టూ ఉన్న రంగును పైకి లేపుతుంది, లేచిన రంగు కిందికి మరింత నీరు చేరుతుంది. తుప్పు మీదనే కొత్త రంగు కొట్టిన రిమ్ము కొద్ది నెలల్లోనే పొక్కులు పోవడానికి కారణం ఇదే.

రెండో రకం అల్లాయ్ రిమ్ము. సుమారు 7 శాతం సిలికాన్, 0.3 శాతం మెగ్నీషియం కలిపిన అల్యూమినియంతో దీనిని పోత పోసి, తరువాత వేడిచేసి, నీటిలో చల్లార్చి, మళ్లీ తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచి గట్టిపరుస్తారు. అల్యూమినియం తుప్పు పట్టదనే నమ్మకం ప్రజల్లో బలంగా ఉంది. అది సగమే నిజం. గాలి తగలగానే దాని ఉపరితలంపై కొన్ని నానోమీటర్ల మందంలో ఆక్సైడు పొర ఏర్పడి, ఆక్సిజను లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. అయితే ఈ ఆక్సైడు ద్విస్వభావం కలది, అంటే ఆమ్లంలోనూ కరుగుతుంది, క్షారంలోనూ కరుగుతుంది. బాత్‌రూము కడిగే ఆమ్లంతోనో, కాస్టిక్ సోడా కలిసిన ద్రవంతోనో అల్లాయ్ రిమ్మును మెరిపించాలని చూసేవారు నిజానికి ఆ రక్షణ కవచాన్నే కడిగేస్తున్నారు. ఉప్పు విషయం మరీ ప్రత్యేకమైనది. క్లోరైడు అయాన్లు రంగులోని గీత గుండా లోపలికి చేరితే, రంగు కిందనే సన్నని దారాల్లా మెలికలు తిరుగుతూ లోహక్షయం సాగిపోతుంది. తేమ ఎక్కువగా ఉండే గాలిలో ఇది మరింత చురుకుగా నడుస్తుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో అల్లాయ్ రిమ్ముల పైపూత కింద తెల్లని పురుగుల బాటల్లా కనిపించే గీతలకు మూలం చాలా సందర్భాల్లో ఇదే. ఆ బాట కనిపించినంత మేరా, దానికి కాస్త అవతల దాకా, పాత రంగును లోహం వరకూ తీసివేయడం తప్ప వేరే మార్గం లేదు.

పనికి చక్రాన్ని విప్పడం మేలు. బిగించి ఉన్న చక్రానికి రంగు కొడితే బ్రేకు భాగాల మీద రంగు పడుతుంది, రిమ్ము వెనుక వైపు అందదు. నాలుగు చక్రాలనూ ఒకేసారి విప్పనవసరం లేకుండా, స్టెప్నీ సాయంతో ఒకదాని తరువాత ఒకటిగా చేసుకోవచ్చు. తెలుగు మెకానిక్కులు రోజూ పలికే ఈ స్టెప్నీ అనే మాట వేల్స్ దేశంలోని స్లనెస్లీ పట్టణపు వీధి పేరు: 1904లో ఆ స్టెప్నీ వీధిలోని డేవీస్ సోదరులు, చక్రం పంక్చరైనప్పుడు దానికే తగిలించుకునేలా, ఆకులు లేని, గాలి నింపిన అదనపు రిమ్మును తయారుచేసి అమ్మారు. ఆ సరుకు ఎప్పుడో కనుమరుగైనా పేరు మాత్రం భారతదేశంలో నిలిచిపోయింది. చక్రం విప్పేటప్పుడు నట్లను చక్రం నేల మీద ఉండగానే కొంత వదులు చేయాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, తరువాతే జాకీ ఎత్తాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన కారు కిందికి చేయి కూడా పోనివ్వకూడదు.

విప్పిన రిమ్ము లోపలి వైపు నల్లగా గడ్డకట్టి ఉండేది మామూలు దుమ్ము కాదు. బ్రేకు ప్యాడ్లు పోత ఇనుముతో చేసిన డిస్కును ఒరుసుకున్నప్పుడు రాలే ఇనుప రజను, గ్రాఫైటు, రెసిన్ ముక్కలు వేడిగానే వచ్చి రంగులో గుచ్చుకుంటాయి. తరువాత ఇనుము తుప్పుపట్టి గోధుమరంగు చుక్కలుగా మారుతుంది. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఈ పొడిని ఊది ఎగరగొట్టడం, పొడిగానే గీకడం ప్రమాదకరం. నీటితో తడిపి, పాత్రలు కడిగే సబ్బు ద్రవంతో, పీచుతో రుద్ది కడగాలి.

కడగడంతో కంటికి శుభ్రమవుతుంది గాని, రంగుకు కావలసిన శుభ్రత అంతకన్నా ఎక్కువ. ద్రవం ఒక ఉపరితలం మీద పరుచుకోవాలంటే ఆ ఉపరితలం దానిని ఆకర్షించే బలం, ద్రవం తనను తాను ముడుచుకునేలా చేసే తలతన్యతను మించాలి. తామరాకు మీద నీరు ముత్యంలా నిలవడం, కడిగిన గాజు మీద పలుచగా పరుచుకోవడం ఈ రెండు బలాల పోటీ ఫలితాలే. టైర్లకు నిగనిగలాడేలా పూసే పాలిష్‌లలో ఉండే సిలికోన్ నూనె లోహాన్ని తామరాకులా మార్చేస్తుంది. రంగు పడిన చోటల్లా సిలికోన్ కణం చుట్టూ ద్రవం వెనక్కి జరిగి, చేప కన్ను ఆకారంలో గుంటలు పడతాయి. తలతన్యత తక్కువ ఉన్న చోటి నుంచి ఎక్కువ ఉన్న చోటికి ద్రవం జరిగిపోయే ఈ ధర్మం పందొమ్మిదో శతాబ్దపు ఇటలీ భౌతిక శాస్త్రవేత్త కార్లో మారంగోనీ పేరుతో ప్రసిద్ధం. గరుకు కాగితంతో రుద్దకముందే థిన్నర్‌తోనో, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతోనో తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఆరకముందే మరో పొడి గుడ్డతో ఆ తడిని ఎత్తివేయాలి. ఈ క్రమం తప్పితే రుద్దడంలో సిలికోన్ గీతల లోపలికే చేరుతుంది. పరీక్ష తేలిక: రిమ్ము మీద మంచినీళ్లు పోసినప్పుడు అవి ఎక్కడా తెగకుండా ఒకే పొరగా నిలిస్తే ఉపరితలం సిద్ధమైనట్టు, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టు.

గరుకు కాగితంతో రుద్దడం పాత రంగును తీయడానికి మాత్రమే అనుకోవడం పొరపాటు. నున్నని తలంపై రంగుకు పట్టు దొరకదు. సన్నని గాళ్లు పడిన తలానికి ఒకవైపు వైశాల్యం పెరుగుతుంది, మరోవైపు ఆ గాళ్లలోకి దిగి గట్టిపడిన ప్రైమరు వేళ్లూనినట్టు నిలుస్తుంది. కాగితం వెనుక ముద్రించిన సంఖ్య పెరిగే కొద్దీ రజను సన్నబడుతుంది: పి80 కాగితంపై రేణువుల సగటు పరిమాణం దాదాపు 200 మైక్రోమీటర్లు, పి400పై 35, పి800పై 22. తుప్పు, రాళ్ల ఒరిపిళ్లు ఉన్నచోట పి80తో మొదలుపెట్టి, ఆ గాళ్లు పోయేదాకా పి180, పి240లతో రుద్ది, ప్రైమరుకు ముందు పి400 వద్ద ఆపడం తగినది. పాత పూత గట్టిగా ఉన్నచోట దానిని లోహం దాకా తీయనక్కర లేదు, మెరుపు చచ్చేంత వరకు రుద్దితే సరిపోతుంది. అయితే పాత రంగుకూ బయటపడ్డ లోహానికీ మధ్య అంచు మెట్టులా మిగలకూడదు. కళ్లు మూసుకుని వేలు నడిపితే తగిలే మెట్టు, రంగు వేశాక కంటికి రెట్టింపుగా కనబడుతుంది. చిన్న గుంటలను బాడీ పుట్టీతో నింపవచ్చు. రిమ్ము వంగినా, పగులు కనిపించినా పుట్టీ ప్రసక్తే లేదు. పగులును రంగుతో కప్పడం ప్రయాణికుల ప్రాణాలతో ఆడుకోవడమే.

టైరును రిమ్ము నుంచి ఊడదీయించే వీలు లేనప్పుడు రెండింటి మధ్య సందులో పాత పేక ముక్కలను ఒకదాని అంచుపై మరొకటి వచ్చేలా చుట్టూ దోపితే, మాస్కింగ్ టేపు కన్నా చక్కగా అడ్డుకుంటాయి, రంగు టైరు అంచు దాటి రిమ్ము పెదవి దాకా చేరుతుంది. గాలి పిన్నుకు టేపు చుట్టడం మరువరాదు.

మొదటి పొర ప్రైమరు. పై రంగులో అందం కోసం కలిపిన పదార్థాలకు లోహంతో బంధం బలహీనం. ఇటు లోహాన్నీ అటు రంగునూ పట్టుకోగల మధ్యవర్తి కావాలి. నగ్న అల్యూమినియానికి వాడే ఎచ్ ప్రైమరులో స్వల్పంగా ఫాస్ఫారిక్ ఆమ్లం, పాలీవినైల్ బ్యుటిరాల్ రెసిన్ ఉంటాయి. ఆమ్లం ఆక్సైడు పొరను కొద్దిగా కొరికి లోహపు ఫాస్ఫేటుగా మారుస్తుంది, రెసిన్ దానితో అల్లుకుపోతుంది. పూర్వం వీటిలో జింక్ క్రోమేటు తప్పనిసరిగా ఉండేది. క్రోమేట్లు క్యాన్సరు కారకాలని తేలడంతో జింక్ ఫాస్ఫేటు ఆ స్థానంలోకి వచ్చింది. ఉక్కుకు జింక్ ఫాస్ఫేటు ప్రైమరు, రెండింటికీ ఎపాక్సీ ప్రైమరు పనికివస్తాయి. ఆరిన ప్రైమరును పి600 లేదా పి800 వాటర్ పేపరుతో, నీళ్లు చల్లుతూ తేలికగా రుద్దాలి.

ఇక డబ్బా సంగతి. ద్రవాన్ని వాయుపీడనంతో డబ్బాలోంచి చిమ్మించే ఆలోచనకు 1920లలో పేటెంటు పొందినవాడు నార్వే ఇంజనీరు ఎరిక్ రొథైమ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మలేరియా దోమల నుంచి సైనికులను కాపాడడానికి అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గుడ్‌హ్యూ, సలివన్ దానిని దోమలమందు డబ్బాగా మలిచారు. 1949లో ఇల్లినాయ్‌లోని సికమోర్ పట్టణంలో రంగుల వ్యాపారి ఎడ్వర్డ్ సేమోర్, భార్య బానీ సూచనపై, తొలి స్ప్రే పెయింటును తయారుచేశాడు. అది గదులను వేడిచేసే ఇనుప రేడియేటర్లకు పూసే అల్యూమినియం రంగు. నేడు రిమ్ములపై ఎక్కువగా కొట్టే వెండి రంగుకు ఆ మొదటి డబ్బా సూటి పూర్వికురాలు. తొలినాటి డబ్బాల్లోని క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోను పొరను తినేస్తాయని 1974లో శాస్త్రవేత్తలు మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం తరువాత వాటి స్థానంలోకి ప్రొపేను, బ్యుటేను, డైమిథైల్ ఈథర్ వచ్చాయి. వీటిలో మొదటి రెండూ వంటగ్యాసు సిలిండరులో ఉండేవే.

ఈ వాయువులు డబ్బాలో ఒత్తిడి వల్ల ద్రవరూపంలో, రంగుతో కలిసి ఉంటాయి. కొంత రంగు బయటికి పోగానే కొంత ద్రవం ఆవిరై ఖాళీని నింపుతుంది కనుక, ద్రవం మిగిలి ఉన్నంతసేపూ పీడనం దాదాపు ఒకేలా ఉంటుంది. సైకిలు టైరులో గాలిలా పోయేకొద్దీ తగ్గిపోదు. ముక్కులోంచి బయటపడిన క్షణంలో ఆ ద్రవం ఒక్కసారిగా ఆవిరై రంగు ధారను తుంపరలుగా చీల్చివేస్తుంది. ఆవిరి కావడానికి కావలసిన గుప్తోష్ణం డబ్బా నుంచే తీసుకుంటుంది కాబట్టి, ఎక్కువసేపు నొక్కితే డబ్బా చేతిలో చల్లబడుతుంది, పీడనం పడిపోతుంది, తుంపరలు లావెక్కి రంగు చిందరవందరగా పడుతుంది. అలాంటప్పుడు డబ్బాను కొంతసేపు పక్కన పెట్టాలి. ఎండలోనో, మంట దగ్గరో వేడిచేయడం పేలుడును పిలవడమే, 50 డిగ్రీలు దాటరాదని డబ్బాపైనే రాసి ఉంటుంది. లోపల గలగలలాడే గోళీ అడుగున పేరుకున్న రంగు పొడిని కలిపేందుకే ఉంది. అది కదిలిన చప్పుడు మొదలయ్యాక కనీసం రెండు నిమిషాలు ఊపాలి.

ముక్కుకూ రిమ్ముకూ మధ్య 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం ఎందుకని అడిగితే సమాధానం తుంపర ప్రయాణంలో ఉంది. దూరం పెరిగితే తుంపరలోని ద్రావణి దారిలోనే ఎగిరిపోయి, రంగు పొడిపొడిగా, ఇసుక చల్లినట్టు పడుతుంది. దగ్గరైతే తడి ఎక్కువై కారుతుంది. కారడం వెనుక ఒక చక్కని లెక్క ఉంది. నిలువు తలంపై తడి పొర తన బరువుతో కిందికి జారేటప్పుడు, జారే ద్రవం పరిమాణం మందం ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే పొర మందం రెట్టింపైతే కారడం ఎనిమిది రెట్లవుతుంది, మూడింతలైతే ఇరవైయేడు రెట్లు. ఒకే దట్టమైన పూత కన్నా 10 నిమిషాల ఎడంతో మూడు పలుచని పూతలు మేలనే పెయింటర్ల అనుభవసూత్రానికి గణిత రూపం ఇదే. రిమ్ము ఆకుల వంపుల్లోకి చేయి తిప్పుతూ, నొక్కడం రిమ్ము అంచుకు బయటే మొదలుపెట్టి బయటే ఆపితే, మొదటా చివరా పడే లావు బొట్లు లోహం మీద పడవు.

తెలుగునాట ఈ పనికి అసలు పరీక్ష పెట్టేది గాలిలోని తేమ. రంగులోని ద్రావణి ఆవిరయ్యేటప్పుడు రిమ్ము తలం చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది. గాలి 30 డిగ్రీల వద్ద, ఆర్ద్రత 80 శాతం ఉంటే తుషార స్థానం, అంటే గాలిలోని ఆవిరి నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత, 26 డిగ్రీలు. నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, తడిరంగులో కంటికి కనిపించని నీటి బిందువులు చేరి పూత పాలిపోయి తెల్లబారుతుంది. అదే 30 డిగ్రీల వద్ద ఆర్ద్రత 50 శాతమే అయితే తుషార స్థానం 18 డిగ్రీలకు దిగుతుంది కనుక భయం తక్కువ. కోస్తాలో వర్షాకాలపు ఉదయం కన్నా శీతకాలపు మధ్యాహ్నం అనుకూలం. తెలంగాణ వేసవి మధ్యాహ్నం ఇందుకు విరుద్ధమైన చిక్కు తెస్తుంది. ఎండలో కాలిన రిమ్ముపై రంగు పరుచుకోకముందే ఆరిపోయి, నారింజ తొక్కలా ఎగుడుదిగుడుగా మిగులుతుంది. నీడలో, ముట్టుకుంటే చేతికి వెచ్చదనం తెలియని రిమ్ముపైనే పని సాగించాలి.

వెండి రంగు విషయంలో మరొక సూక్ష్మం ఉంది. దాని మెరుపు పదుల మైక్రోమీటర్ల వెడల్పున్న అల్యూమినియం రేకుల నుంచి వస్తుంది. పూత ఆరుతూ కుంచించుకుపోయే కొద్దీ ఈ రేకులు నేల మీద ఆకుల్లా చదునుగా పడుకోవాలి. పూత మరీ తడిగా ఉంటే అవి ఈదుతూ గుంపులుగా చేరి మేఘాల్లాంటి మచ్చలవుతాయి. అందుకే అనుభవజ్ఞులు చివరి పూతను కాస్త దూరం నుంచి పలుచగా, మంచు కురిసినట్టు వేస్తారు. ఆ రేకులను గాలి, నీరు తాకకుండా పైన పారదర్శకమైన క్లియర్ కోటు తప్పనిసరి.

ఆరడానికీ పండడానికీ తేడా ఉంది. మామూలు అక్రిలిక్ డబ్బా రంగు ద్రావణి ఎగిరిపోవడం వల్ల మాత్రమే ఆరుతుంది. దాని అణుహారాల మధ్య రసాయన బంధాలేవీ కొత్తగా ఏర్పడవు, కనుక పెట్రోలో థిన్నరో తగిలితే తిరిగి కరుగుతుంది. ఎనామెల్ రంగు గాలిలోని ఆక్సిజనుతో చర్య జరిపి మెల్లగా వలలా అల్లుకుంటుంది. ఆ అల్లిక సగంలో ఉండగా మరో పూత వేస్తే కొత్త ద్రావణి పాత పొరను ఉబ్బించి ముడతలు పెట్టిస్తుంది. డబ్బాపై రాసే గడువు, ఒక గంటలోపు లేదా ఒకటి రెండు రోజుల తరువాత అనే వింత నియమం, ఈ సగం అల్లిక దశను తప్పించడానికే. మూడో రకంలో డబ్బా అడుగునున్న మీట నొక్కితే విడిగా ఉన్న హార్డెనర్ రంగులో కలుస్తుంది. అందులోని ఐసోసయనేట్లు రెసిన్‌తో కలిసి పాలీయురిథేన్ వలను అల్లుతాయి. రిమ్ముకు ఇంతకన్నా మన్నికైన క్లియర్ కోటు డబ్బాలో దొరకదు. కానీ ఐసోసయనేట్ల తుంపర పీల్చిన కొందరికి జీవితాంతం వదలని ఉబ్బసం వస్తుంది, గుడ్డ మాస్కు దానిని ఆపలేదు; స్వచ్ఛమైన గాలిని గొట్టం ద్వారా అందించే ముసుగు లేని ఇంట్లో ఈ రకాన్ని వాడకపోవడమే వివేకం. సాధారణ రంగుకు సైతం బొగ్గు పొరలున్న ఆవిరి మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. ప్రొపేను గాలి కన్నా ఒకటిన్నర రెట్లు, బ్యుటేను రెండు రెట్లు బరువు కావడంతో అవి నేలబారుగా పాకి పల్లంలో నిలుస్తాయి. గాలిలో 2 శాతం చేరినా నిప్పురవ్వకు అంటుకుంటాయి. అపార్ట్‌మెంట్ల సెల్లార్ పార్కింగు ఎంత నీడగా కనిపించినా ఈ పనికి అన్నిటికన్నా చెడ్డ చోటు.

రంగు పడకూడని చోట్లు రిమ్ములోనే ఉన్నాయి. చక్రం హబ్బుకు ఆనుకునే వెనుక తలం, నట్లు కూర్చునే శంకువు గుంటలు, టైరు అంచు గాలిని బిగబట్టే వలయం, ఈ మూడింటినీ టేపుతోనో గుండ్రని మూతలతోనో కప్పి ఉంచాలి. నట్టు బిగించినప్పుడు బోల్టు స్ప్రింగులా సాగి, ఆ బిగువుతో చక్రాన్ని హబ్బుకు అదిమిపెడుతుంది. కారు బరువునూ బ్రేకు తాకిడినీ మోసేది ఆ అదుము వల్ల పుట్టే ఘర్షణే. బోల్టు సాగేది మిల్లీమీటరులో పదో వంతు స్థాయిలోనే. నట్టు కింద అంతే మందమున్న రంగు పొర చిక్కుకుంటే, బ్రేకు వేడికి అది మెత్తబడి పక్కకు జారుకుంటుంది, బోల్టు సాగుడు పోతుంది, నట్టు వదులవుతుంది. లోహానికి కవచమైన అదే పదో వంతు మిల్లీమీటరు ఇక్కడ చక్రం ఊడిపోవడానికి కారణం కాగలదు. క్లియర్ కోటు వేసిన మరునాడు చక్రాన్ని తగిలించి, నట్లను ఒకదానికి ఎదురుగా ఉన్న మరొకదాని వరుసలో, కారు యజమాని పుస్తకంలో చెప్పిన బిగువు మేరకు టార్క్ రెంచితో బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రాలు చల్లారి ఉన్నప్పుడు, మరొకసారి అదే రెంచితో సరిచూడాలి.